బ్రిటన్‌లో ముందస్తు ఎన్నికలు ఎప్పుడొస్తాయి? ప్రతిష్టంభన లెక్కలు, పక్కన పడేసిన కులం క్లాజు

బ్రిటన్ పార్లమెంటులో పనులు ఆగిపోయిన ప్రతిసారీ ఒకే ప్రశ్న వినిపిస్తుంది. ముందస్తు ఎన్నికలు వస్తాయా? 2017లో వచ్చాయి. 2019లో నెలల తరబడి వస్తాయా రావా అని ఊరించి చివరికి వచ్చాయి. 2022లో ఒకే ఏడాది ముగ్గురు ప్రధానులు మారినా రాలేదు. ఈ తేడా ఎక్కడుందో తెలియాలంటే అక్కడి చట్టాన్నీ, సీట్ల లెక్కనూ, పార్టీల అవసరాన్నీ కలిపి చూడాలి.

లండన్ రాజకీయాలతో మనకేం పని అని అడిగే మిత్రులకు మా జవాబు ఇది. కులవివక్షను సమానత్వ చట్టంలో పేరు పెట్టి చేర్చాలని 2013లోనే బ్రిటన్ పార్లమెంటు ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ తర్వాత నాలుగు సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఆ ఆదేశం మాత్రం అమలు కాలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, బాబాసాహెబ్ అంబేడ్కర్ రౌండ్ టేబుల్ సమావేశంలో కూర్చుని ఉండగానే బ్రిటన్‌లో ఒక ముందస్తు ఎన్నిక జరిగింది. వీటితోపాటు, ఇవాళ అక్కడ చదువుకుంటున్న మన పిల్లల చేతిలో ఓటు కూడా ఉంది. అందుకే ఈ వివరాలన్నీ ఒకచోట పెడుతున్నాం.

గడువు ఎంత? రద్దు చేసే అధికారం ఎవరిది?

1716 నాటి చట్టం ప్రకారం బ్రిటన్ పార్లమెంటు గరిష్ఠ కాలం ఏడేళ్లు. 1911 పార్లమెంటు చట్టం దాన్ని ఐదేళ్లకు తగ్గించింది. ఐదేళ్లన్నది పై గడువే. అంతకుముందే సభను రద్దు చేయమని ప్రధాని రాజును గానీ రాణిని గానీ కోరవచ్చు. ఆ కోరికను తోసిపుచ్చే సందర్భాలు చాలా అరుదు. దీనివల్ల ఎన్నికల తేదీ ప్రధాని చేతిలో ఆయుధంగా ఉండేది. గెలుస్తామనిపించినప్పుడు పెట్టుకోవచ్చు, లేదంటే చివరిదాకా లాగవచ్చు. ఈ పద్ధతి మనకూ తెలిసిందే. అక్కడి నమూనా నుంచే మన శాసనసభల రద్దు విధానం వచ్చింది. 2018 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభను గడువుకు ముందే రద్దు చేయించి కేసీఆర్ ఆ డిసెంబరులో గెలిచారు. 2003లో అదే పని చేసిన చంద్రబాబు 2004లో ఓడిపోయారు.

బ్రిటన్‌లోనూ ఈ జూదం రెండు రకాలుగానూ తిరిగింది. బొగ్గు గని కార్మికులతో తగాదా నడుస్తుండగా 1974 ఫిబ్రవరిలో కన్సర్వేటివ్ ప్రధాని ఎడ్వర్డ్ హీత్ ముందస్తుకు వెళ్లారు. ఆ ఎన్నికలో లేబర్‌కు 301, కన్సర్వేటివ్‌లకు 297 సీట్లు వచ్చాయి. ఎవరికీ మెజారిటీ రాలేదు. మైనారిటీ ప్రభుత్వం నడిపిన హెరాల్డ్ విల్సన్ అదే ఏడాది అక్టోబరులో మళ్లీ ఎన్నికలకు వెళ్లి కేవలం 3 సీట్ల మెజారిటీ తెచ్చుకున్నారు. ఆ సన్నని మెజారిటీ క్రమంగా కరిగిపోయి, 1979 మార్చి 28న 311–310 ఓట్లతో, అంటే ఒక్క ఓటు తేడాతో, జేమ్స్ కాలహన్ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో ఓడింది. మే 3న జరిగిన ఎన్నికలో థాచర్ వచ్చారు.

2011 చట్టం: ప్రధాని చేతిలోంచి సభ చేతిలోకి

2010 ఎన్నికల్లో మళ్లీ హంగ్ పార్లమెంటు వచ్చింది. కన్సర్వేటివ్‌లు, లిబరల్ డెమొక్రాట్లు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశారు. మధ్యలో ఒకరినొకరు వదిలేసి ఎన్నికలకు పోకుండా 2011లో ఫిక్స్‌డ్ టర్మ్ పార్లమెంట్స్ చట్టం తెచ్చుకున్నారు. దాని ప్రకారం ముందస్తుకు రెండే దారులు. ఒకటి, మొత్తం సీట్లలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవడం. 650 సీట్ల సభలో అది 434. రెండోది, ప్రభుత్వం అవిశ్వాసంలో ఓడిపోయి 14 రోజుల్లోపు ఏ ప్రభుత్వమూ సభ విశ్వాసం పొందలేకపోవడం.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. 434 అన్నది హాజరై ఓటేసినవాళ్ల లెక్క కాదు, మొత్తం సీట్ల లెక్క. కాబట్టి ఓటింగుకు దూరంగా ఉండటమూ వ్యతిరేకంగా ఓటేసినట్టే. 2019 కథంతా ఈ సూక్ష్మం మీదే నడిచింది.

2017: అడిగి తెచ్చుకున్న ప్రతిష్టంభన

2017 ఏప్రిల్ 18న ప్రధాని థెరెసా మే ఎన్నికలు ప్రకటించారు. అప్పటికి ఆమెకు మెజారిటీ ఉంది, సర్వేల్లోనూ చాలా ముందున్నారు. బ్రెగ్జిట్ చర్చలకు ముందు మెజారిటీని ఇంకా పెంచుకోవాలన్నది లెక్క. మర్నాడు సభలో 522–13 ఓట్లతో తీర్మానం నెగ్గింది. ఎన్నికలంటే మాకు వద్దు అని చెప్పడం ప్రతిపక్షానికి కష్టం కనుక లేబర్ కూడా మద్దతిచ్చింది.

జూన్ 8 ఫలితాల్లో కన్సర్వేటివ్‌లు 317 దగ్గర ఆగిపోయారు. ఉన్న మెజారిటీ పోయింది. ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డీయూపీ పార్టీ పదిమంది ఎంపీల మద్దతుతో ప్రభుత్వం నిలబడింది. తర్వాతి రెండేళ్ల ప్రతిష్టంభనకు విత్తనం ఇక్కడే పడింది. ప్రతిష్టంభన నుంచి బయటపడటానికి ఎన్నికలు వస్తాయని అనుకుంటాం. ఇక్కడ మాత్రం ఎన్నికల వల్లే ప్రతిష్టంభన వచ్చింది.

2019: అందరూ ఎన్నికలు కావాలన్నారు, ఎవరూ ఓటేయలేదు

2019 జనవరి 15న మే తెచ్చిన బ్రెగ్జిట్ ఒప్పందం 432–202 ఓట్లతో చిత్తుగా ఓడింది. ఆమె సొంత పార్టీ ఎంపీలే 118 మంది వ్యతిరేకంగా ఓటేశారు. మర్నాడే ప్రతిపక్ష నేత జెరెమీ కార్బిన్ అవిశ్వాస తీర్మానం పెడితే ప్రభుత్వం 325–306తో గట్టెక్కింది. రాత్రి ఒప్పందాన్ని ఓడించినవాళ్లే మర్నాడు ప్రభుత్వాన్ని కాపాడారు. ఒక విధానం మీద సభ ఒప్పుకోకపోవడం వేరు, ప్రభుత్వాన్ని పడగొట్టి తమ సీట్లను పణంగా పెట్టడం వేరు. బయట నుంచి చూసి ఇక ఎన్నికలు ఖాయం అనుకునేవాళ్లు ఎప్పుడూ పొరబడేది ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లే.

మార్చి 12న 391–242తో, మార్చి 29న 344–286తో ఒప్పందం మళ్లీ మళ్లీ ఓడింది. మార్చి 29 నాటి నిష్క్రమణ గడువు ఏప్రిల్ 12కు, తర్వాత అక్టోబరు 31కి జరిగింది. మే తప్పుకున్నారు. జులై 24న బోరిస్ జాన్సన్ వచ్చారు. సెప్టెంబరు 3న ఒక ఎంపీ పార్టీ మారడంతో ఆయన మెజారిటీ పోయింది. అదే రాత్రి ప్రభుత్వానికి ఎదురు ఓటేసిన 21 మంది సొంత ఎంపీలను ఆయనే పార్టీ నుంచి తప్పించారు.

ఇక జాన్సన్ ఎన్నికలు కావాలన్నారు. సెప్టెంబరు 4న తీర్మానానికి అనుకూలంగా 298, వ్యతిరేకంగా 56 ఓట్లు పడ్డాయి. మామూలు లెక్కలో అది ఘన విజయం. కానీ 434 కావాలి. సెప్టెంబరు 9న 293–46. మళ్లీ ఓటమి. లేబర్ ఓటింగుకు దూరంగా కూర్చుంది. రెండేళ్లుగా ఎన్నికలు పెట్టమన్న పార్టీ ఎందుకు వెనక్కి తగ్గింది? పోలింగ్ తేదీని ప్రధాని అక్టోబరు 31 తర్వాతకు జరిపితే, సభ లేని సమయంలో ఒప్పందం లేకుండానే దేశం ఐరోపా యూనియన్ నుంచి బయటపడుతుందన్న భయం. జాన్సన్ పార్లమెంటును ప్రొరోగ్ చేయించడం ఆ భయాన్ని పెంచింది. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీలు ఏకగ్రీవంగా ఆ ప్రొరోగేషన్ చెల్లదన్నారు.

అక్టోబరు 28న ఐరోపా యూనియన్ గడువును జనవరి 31 దాకా పొడిగించడంతో భయానికి కారణం పోయింది. అదే రోజు పెట్టిన తీర్మానం 299–70తో మళ్లీ 434కి చేరలేదు. మర్నాడు ప్రభుత్వం దారి మార్చింది. 2011 చట్టాన్ని పక్కనపెట్టి డిసెంబరు 12న ఎన్నిక అంటూ చిన్న బిల్లు తెచ్చింది. బిల్లుకు సాధారణ మెజారిటీ చాలు. లేబర్ కూడా కలిసిరావడంతో 438–20తో నెగ్గింది. మూడింట రెండు వంతుల తాళం అంత గట్టిది కాదని అప్పుడు తేలిపోయింది. డిసెంబరు 12న జాన్సన్ 365 సీట్లు, 80 సీట్ల మెజారిటీ తెచ్చుకున్నారు.

2022: సంక్షోభం ఉంది, ఎన్నిక లేదు

2022 మార్చిలో కొత్త చట్టం 2011 చట్టాన్ని రద్దు చేసి, రద్దు కోరే అధికారాన్ని మళ్లీ ప్రధానికే ఇచ్చింది. ఈ అధికారాన్ని ఎలా వాడారన్నది కోర్టులు విచారించకూడదనీ రాసుకున్నారు. ఇప్పుడున్న నియమం సులువు. కొత్త పార్లమెంటు మొదటిసారి కూర్చున్న రోజు నుంచి ఐదేళ్లకు అది తనంతట తానే రద్దవుతుంది. ప్రధాని కోరితే ముందే రద్దవుతుంది. రద్దయ్యాక 25 పనిదినాలకు పోలింగ్.

ఆ ఏడాది జులైలో జాన్సన్ రాజీనామా ప్రకటించారు. సెప్టెంబరు 6న లిజ్ ట్రస్, అక్టోబరు 25న రిషి సునాక్ ప్రధానులయ్యారు. జనం ఎన్నికలు అడిగారు, ప్రతిపక్షాలు అడిగాయి. చట్టం మాత్రం అడగదు. బ్రిటన్ ఓటరు ఎన్నుకునేది ఎంపీని. సభలో మెజారిటీ ఎవరికుంటే వాళ్లే ప్రధాని. మెజారిటీ ఉన్న పార్టీ నాయకుణ్ని మార్చుకుంటే ఎన్నిక అక్కర్లేదు. సర్వేల్లో ఘోరంగా వెనకబడి ఉన్న పార్టీ ఎంపీలు తమ సీట్లకు తామే ఎసరు పెట్టుకోరు కదా. సునాక్ 2024 మే 22 దాకా ఆగి ఎన్నికలు ప్రకటించారు. జులై 4న కన్సర్వేటివ్‌లకు మిగిలినవి 121 సీట్లే.

ఎన్నిక వస్తుందా రాదా: నాలుగు ప్రశ్నలు

ఈ అనుభవాల నుంచి మాకు కనిపించే పద్ధతి ఇది. బ్రిటన్‌లో ప్రతిష్టంభన వార్త వచ్చినప్పుడల్లా ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

ఒకటి, రద్దు కోరే అధికారం ఎవరి చేతిలో ఉంది? ఇప్పుడది ప్రధానిదే.

రెండు, ఎన్నిక వల్ల ఆ వ్యక్తికి లాభమా? 2017లో లాభం అనుకున్నారు, 2019లో నిజంగానే లాభం, 2022లో నష్టం.

మూడు, ప్రభుత్వం విధానంలో ఓడిందా, విశ్వాసంలో ఓడిందా? మొదటిది ఎన్నిసార్లు జరిగినా ఎన్నిక రాకపోవచ్చు. రెండోది 1979లోలా ఒక్క ఓటుతోనే తెస్తుంది.

నాలుగు, పార్టీకి నాయకుణ్ని మార్చుకునే వీలుందా? ఉంటే ఎన్నిక కంటే ముందు అదే జరుగుతుంది.

2024లో లేబర్ దాదాపు 34 శాతం ఓట్లతో 411 సీట్లు గెలిచింది. ఆ పార్లమెంటు మొదటిసారి సమావేశమైంది 2024 జులై 9న. కాబట్టి ముందు రద్దు కాకపోతే 2029 జులై 9న తనంతట తానే రద్దవుతుంది. మళ్లీ ఎన్నికలు పెట్టమంటూ 2024 చివర్లో ఆన్‌లైన్ పిటిషన్ మీద 30 లక్షల దాకా సంతకాలు పడ్డాయి. 2025 జనవరి 6న దాని మీద ఎంపీలు చర్చించారు, అంతటితో ముగిసింది. అంత మెజారిటీ ఉన్న సభలో ఎన్ని తిరుగుబాట్లు వచ్చినా మొదట కదిలేది నాయకుడి కుర్చీ. సభ రద్దు ఆ తర్వాతి మాట.

కులం క్లాజు ఎలా పక్కన పడింది

ఇక మన విషయానికి వద్దాం. సమానత్వ చట్టానికి రాజముద్ర పడింది 2010 ఏప్రిల్ 8న. నాలుగు రోజుల తర్వాత పార్లమెంటు రద్దయింది. రద్దుకు ముందు మిగిలిన బిల్లుల్లో ఏవి గట్టెక్కాలో పార్టీలు మాట్లాడుకుని హడావుడిగా తేల్చే రోజుల్లో ఆ చట్టం బయటపడింది. అప్పటికి కులం గురించి దొరికింది ఒక్క మాటే: కులాన్ని జాతి అనే అంశంలో భాగంగా మంత్రి ఉత్తర్వు ద్వారా చేర్చవచ్చు. చేర్చవచ్చు, అంతే.

అదే ఏడాది డిసెంబరులో ప్రభుత్వం చేయించిన అధ్యయనమే బ్రిటన్‌లో ఉద్యోగాల్లో, సేవల్లో కులవివక్ష ఉన్నదనడానికి ఆధారాలు చూపింది. పంజాబు నుంచి వెళ్లిన రవిదాసీ, వాల్మీకి సమాజాలు ఏళ్లుగా చెబుతున్నదే అది. దళిత్ సాలిడారిటీ నెట్‌వర్క్, కాస్ట్‌వాచ్ యూకే వంటి సంస్థల పోరాటం ఫలించి, 2013లో ఎగువసభ ఒక వ్యాపార నియంత్రణ బిల్లుకు సవరణ పెట్టింది. దిగువసభ తిప్పికొట్టినా ఎగువసభ పట్టు వీడలేదు. చివరికి ప్రభుత్వం దిగొచ్చింది. ఏప్రిల్ 25న చట్టమైంది. చేర్చవచ్చు అన్న మాట చేర్చి తీరాలి అని మారింది.

ఆ మాట అక్కడే ఆగిపోయింది. 2015 ఎన్నికలు వచ్చి వెళ్లాయి. అభిప్రాయ సేకరణ మొదలవడానికే 2017 మార్చి 28 దాకా పట్టింది. సరిగ్గా 21 రోజులకు మే ఎన్నికలు ప్రకటించారు. గడువు సెప్టెంబరు దాకా సాగింది. 16 వేలకు పైగా స్పందనలు వచ్చాయి. చట్టం వద్దంటూ హిందూ సంస్థలు గట్టిగా సమీకరణ చేశాయి. ఫలితాల తర్వాత ఉన్నది మెజారిటీ లేని ప్రభుత్వం. సీట్ల తేడా సన్నగా ఉన్నప్పుడు, ఓట్లు కూడగట్టగల ఆధిపత్య కుల సంఘాల మాటకు బరువు పెరుగుతుందని మా విశ్లేషణ.

2018 జులై 23న, బ్రెగ్జిట్ మీద మంత్రులు రాజీనామాలు చేస్తున్న నెలలో, వేసవి సెలవులకు సభ లేచే ముందు, సమానత్వ వ్యవహారాల మంత్రి పెనీ మోర్డాంట్ రాతపూర్వక ప్రకటన ఇచ్చారు. కొత్త ఉత్తర్వు అవసరం లేదు, కోర్టు తీర్పులే చాలు, 2013 నాటి బాధ్యతను వీలు చూసుకుని తొలగిస్తాం అన్నది సారాంశం. ఆమె ఆసరా చేసుకున్నది 2014 డిసెంబరు నాటి ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రిబ్యునల్ తీర్పును. బీహార్ నుంచి తీసుకెళ్లి ఇంటిపనిలో పెట్టుకున్న ఒక ఆదివాసీ మహిళ కేసది. కులం కొన్ని సందర్భాల్లో జాతి మూలం కిందికి రావచ్చని ఆ తీర్పు చెప్పింది.

ఆ తీర్పు విలువైనదే. కానీ రావచ్చు అన్న తీర్పు, రావాలి అన్న చట్టం ఒకటి కావు. పై కోర్టు దాన్ని మార్చవచ్చు. ప్రతి బాధితుడూ తన కులం జాతి మూలమేనని మొదట నిరూపించుకోవాలి. చట్టంలో కులం అన్న పదం లేనంతవరకు ఒక యూనివర్సిటీగానీ కంపెనీగానీ తన నిబంధనల్లో ఆ పదం రాయకుండా తప్పించుకోవడం తేలిక.

ఇక్కడ కార్యకర్తలు గుర్తుంచుకోవాల్సిన తేడా ఒకటుంది. పార్లమెంటు రద్దయితే పూర్తికాని బిల్లులన్నీ చచ్చిపోతాయి. కమిటీలు ఆగిపోతాయి. పిటిషన్లు మూతపడతాయి. కానీ చట్టంగా మారిన మాట ఎన్నికలతో పోదు. 2013 బాధ్యత అలాంటిది. ఏ పార్టీ వచ్చినా దానికి కొత్త బిల్లు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. కాబట్టి ప్రతిష్టంభన వల్ల ఆగిందన్న సాకు చెల్లదు. ఆపింది రాజకీయ సంకల్పం లేకపోవడమే.

1931: రౌండ్ టేబుల్ మధ్యలో ఒక ఎన్నిక

బ్రిటన్ ప్రతిష్టంభన మన చరిత్రను తాకడం ఇది మొదటిసారి కాదు. 1929లో మైనారిటీ ప్రభుత్వం ఏర్పాటు చేసిన లేబర్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ మంత్రివర్గం, ఆర్థిక సంక్షోభంలో నిరుద్యోగ భృతి కోత దగ్గర చీలిపోయింది. 1931 ఆగస్టు 24న ఆయన కన్సర్వేటివ్‌లు, లిబరల్స్‌తో కలిసి నేషనల్ గవర్నమెంట్ పెట్టారు. సొంత పార్టీ ఆయన్ను వెలివేసింది. సెప్టెంబరు 7న రెండో రౌండ్ టేబుల్ సమావేశం మొదలైంది. అంబేడ్కర్, గాంధీ ఇద్దరూ లండన్‌లో ఉండగానే అక్టోబరు 27న ఎన్నిక జరిగింది. 615 సీట్లలో 554 నేషనల్ గవర్నమెంటుకు వెళ్లాయి. వాటిలో అత్యధికం కన్సర్వేటివ్‌లవే.

మైనారిటీల ప్రశ్న మీద సమావేశంలో ఒప్పందం కుదరలేదు. తేల్చే పని మెక్‌డొనాల్డ్ మీద పడింది. 1932 ఆగస్టులో ఆయన ప్రకటించిన కమ్యూనల్ అవార్డు అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. యరవాడ జైల్లో గాంధీ నిరాహారదీక్ష, సెప్టెంబరు 24న పూనా ఒప్పందం మనకు తెలిసినవే. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. రాష్ట్రాల శాసనసభల్లో రిజర్వు సీట్లు 71 నుంచి 148కి పెరిగాయి. ఆంధ్ర జిల్లాలు కూడా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి వాటిలో 30 దక్కాయి.

లండన్‌లో కుర్చీలు మారుతున్నా బాబాసాహెబ్ తన డిమాండును మార్చలేదు. ఎవరు గెలుస్తారో చూసి అడుగుదాం అనుకోలేదు. ఎవరొచ్చినా తిరస్కరించలేనంత పక్కాగా తన పత్రాలు సిద్ధం చేసుకున్నారు.

అక్కడున్న మన విద్యార్థులకు

భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు. బ్రిటన్‌లో ఉండటానికి చెల్లుబాటయ్యే అనుమతి ఉండి, 18 ఏళ్లు నిండి, అక్కడే నివాసం ఉంటున్నవాళ్లు అక్కడి సార్వత్రిక ఎన్నికల్లో ఓటు నమోదు చేసుకోవచ్చు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకూ ఈ హక్కుంది. ఫ్రాన్స్, జర్మనీ పౌరులకు లేని హక్కిది. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో వెళ్లిన ఎందరికో ఈ సంగతే తెలియదు.

పోలింగుకు 12 పనిదినాల ముందే ఓటు నమోదుకు దరఖాస్తు చేసుకోవాలి. 2024లో ప్రకటన మే 22న వస్తే నమోదు గడువు జూన్ 18న ముగిసింది. అంటే నాలుగు వారాలు కూడా లేవు. ముందస్తు ఎన్నిక చెప్పి రాదు. అద్దె ఇంట్లో దిగిన వారంలోనే నమోదు చేసుకోవడం మేలు. పోలింగ్ కేంద్రంలో ఫొటో గుర్తింపు చూపాలి. భారత పాస్‌పోర్టు చెల్లుతుంది.

ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థినీ ఒక్క ప్రశ్న అడగండి: 2013లో మీ పార్లమెంటు ఆదేశించిన కులం ఉత్తర్వును తెస్తారా, తేరా? జవాబు రాతలో తీసుకోండి. ఎన్నిక ఎప్పుడొస్తుందో ప్రధాని నిర్ణయిస్తారు. ఆ రోజుకు మన ప్రశ్న సిద్ధంగా ఉండాలి.